పుచ్చిన పన్ను - పిల్లల భయం



ఈ రోజు సంగతి పిల్లల పళ్ళు. అందులోనూ పుచ్చిన పన్ను. దీన్నే పిప్పిపన్ను అంటారు. పిప్పిపన్నుకు వైద్యం ఉంది. వైద్యం చేసే డాక్టరు ఉన్నారు. తల్లి కూలి మానుకుని, బస్సు చార్జీ పెట్టుకుని, పిల్లను తీసుకుని పోతుంది. తీరా అక్కడికి పోయాక పిల్ల నోరు తెరవదు. కుర్చీ ఎక్కదు. అమ్మ చీర కొంగు పట్టుకుని ఏడుస్తుంది. పన్ను పుచ్చింది పుచ్చినట్టే ఉంటుంది. ఇద్దరూ తిరిగి ఇంటికి వస్తారు.

"గట్టిగా పట్టుకుంటే సరిపోయేది" అంటారు కొందరు. "పాలపన్నేగా, ఎట్లాగూ ఊడిపోయేదే" అంటారు ఇంకొందరు. ఈ రెండు మాటలూ పిల్లకు మేలు చెయ్యవు. ఎందుకు చెయ్యవో, మరి ఏం చెయ్యాలో వినండి.

పన్ను ఎందుకు పుచ్చుతుంది?

పంటిలో పురుగు పడిందని చాలామంది అంటారు. సంతలో, రోడ్డు పక్కన కూర్చుని పంటి పురుగు తీస్తామనే వాళ్ళున్నారు. పొగ పట్టిస్తారు. దూదిలో తెల్లటి పురుగు చూపిస్తారు. అది మోసం. పంటిలో అట్లాంటి పురుగు ఉండదు.

నోట్లో కంటికి కనపడని సూక్ష్మజీవులు ఉంటాయి. పిల్లలు తిన్న తీపిని అవి కూడా తింటాయి. తిని పులుపు లాంటి ఆమ్లాన్ని వదులుతాయి. చింతపండు పెట్టి తోమితే రాగి చెంబు మీది చిలుము కరిగిపోతుంది కదా. అట్లాగే ఈ ఆమ్లం పంటి పై పొరను కొంచెం కొంచెంగా కరిగిస్తుంది. ముందు తెల్లటి మచ్చ వస్తుంది. తర్వాత గోధుమ రంగు, నలుపు. తర్వాత గుంట. ఈ సంగతిని 1890లో మిల్లర్ అనే అమెరికా దేశపు డాక్టరు తన పుస్తకంలో రాశాడు. అంటే పురుగు మాట తప్పని తేలి నూరేళ్ళు దాటింది.

పంటి పై పొరకు నొప్పి తెలియదు. దాని కింది పొరకు తెలుస్తుంది. ఆ పొర కింద, పంటి నడిమధ్యన, నరం ఉంటుంది. గుంట చిన్నగా ఉన్నప్పుడు డాక్టరు శుభ్రం చేసి మూసేస్తే పిల్లకు నొప్పి ఉండదు, లేదా చాలా తక్కువ ఉంటుంది. గుంట నరం దాకా పోతే రాత్రిళ్ళు నిద్ర పట్టని నొప్పి వస్తుంది. అప్పుడు వైద్యం కూడా పెద్దది అవుతుంది. ఈ మాట గుర్తుంచుకోండి. ముందు చెప్పబోయే విషయమంతా దీని మీదే ఆధారపడి ఉంది.

పాలపన్నేగా అని వదిలేస్తే?

పాలపళ్ళు ఇరవై. పైన 10, కింద 10. మొదటి పన్ను ఆరో నెల అటూ ఇటూ వస్తుంది. మూడేళ్ళకల్లా అన్నీ వస్తాయి. ఆరేళ్ళ నుంచి ఊడటం మొదలవుతుంది. చివరి పాలపన్ను ఊడేసరికి పిల్లకు పన్నెండేళ్ళు దగ్గర పడతాయి. అంటే కొన్ని పాలపళ్ళతో పిల్ల ఎనిమిది, తొమ్మిదేళ్ళు అన్నం నమలాలి. నొప్పి ఉంటే నమలదు. నమలకపోతే సరిగా తినదు. తినకపోతే పెరగదు. రాత్రి నిద్ర ఉండదు. బడిలో చదువు బుర్రకెక్కదు.

పాలపన్ను కిందనే రాబోయే గట్టి పన్ను తయారవుతూ ఉంటుంది. పైన చీము పడితే కింది పన్నుకు దెబ్బ. పాలపన్ను ముందే పీకేస్తే పక్క పళ్ళు ఆ ఖాళీలోకి ఒరుగుతాయి. కొత్త పన్నుకు చోటు చాలదు. వంకరగా వస్తుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఆరేళ్ళప్పుడు పాలపళ్ళన్నిటికీ వెనకాల నాలుగు పెద్ద దవడ పళ్ళు వస్తాయి. పైన రెండు, కింద రెండు. ఏ పన్నూ ఊడకుండానే ఇవి వస్తాయి. అందుకని ఇవి కూడా పాలపళ్ళే అని ఇంట్లో వాళ్ళు అనుకుంటారు. కాదు. ఇవి జీవితాంతం ఉండాల్సిన పళ్ళు. ఇవి పోతే మళ్ళీ రావు. ఏడేళ్ళ పిల్ల దవడ పన్ను పుచ్చితే "ఊడిపోయేదే" అని వదిలెయ్యడం ఎంత నష్టమో చూడండి.

భయం ఎక్కణ్ణుంచి వస్తుంది?

పుట్టుకతో ఏ పిల్లకూ పళ్ళ డాక్టరంటే భయం ఉండదు. ఆ భయం తర్వాత వస్తుంది. అది వచ్చే దారులు కొన్ని ఉన్నాయి.

మొదటిది, పెద్దల బెదిరింపు. "అన్నం తినకపోతే డాక్టరు దగ్గరికి తీసుకుపోయి సూది వేయిస్తా." ఈ మాట అనని ఇల్లు ఉండదు. అంటే సూది శిక్ష, డాక్టరు శిక్ష వేసేవాడు అని పిల్ల నేర్చుకుంటుంది. ఆ తర్వాత ఒక రోజు అదే డాక్టరు దగ్గరికి తీసుకుపోయి, "భయం లేదు, మంచివారు" అంటే పిల్ల ఎట్లా నమ్ముతుంది?

రెండోది, పెద్దలు చెప్పుకునే కథలు. "నా పన్ను పీకితే ప్రాణం పోయినంత పనైంది" అని నాయనమ్మ అరుగు మీద చెప్తూ ఉంటుంది. పిల్ల పక్కన ఆడుకుంటూ వింటుంది. పెద్దలు చెప్పి మర్చిపోతారు. పిల్ల మర్చిపోదు.

మూడోది, అమ్మ ముఖం. పిల్లలు ఏది మంచిదో, ఏది ప్రమాదమో అమ్మ ముఖం చూసి తెలుసుకుంటారు. ఆసుపత్రి గుమ్మం దగ్గర అమ్మ చెయ్యి వణికితే పిల్లకు తెలిసిపోతుంది.

నాలుగోది, కొత్తదనం. వెనక్కి వాలే కుర్చీ. ముఖం మీద లైటు. మూతికి గుడ్డ కట్టుకున్న మనిషి. గిర్రున తిరిగే మిషను చప్పుడు. మందు వాసన. ఇవన్నీ ఒక్కసారి మీద పడితే పెద్దవాళ్ళకే గుండె దడ పుడుతుంది.

అయిదోది, ముందు జరిగిన వైద్యం. మత్తు సరిగా ఎక్కకుండా, కాళ్ళు చేతులు పట్టుకుని పని కానిచ్చేస్తే పిల్ల మనసులో అది ముల్లులా ఉండిపోతుంది.

భయం గానుగలా తిప్పుతుంది

భయం ఒక్కరోజుతో పోదు. గానుగెద్దులా తిరిగి అక్కడికే వస్తుంది. భయపడితే డాక్టరు దగ్గరికి పోరు. పోకపోతే గుంట లోతవుతుంది. లోతయితే వైద్యం పెద్దది అవుతుంది. పెద్ద వైద్యంలో నొప్పి ఎక్కువ. నొప్పి చూశాక భయం ఇంకా పెరుగుతుంది. ఆ పిల్లే పెద్దదై, తన పిల్లను కూడా డాక్టరు దగ్గరికి తీసుకుపోవడానికి వెనకాడుతుంది.

ఈ గానుగను ఆపాలంటే ఒకటే చోటు. నొప్పి రాక ముందే పోవాలి. పిల్లకు ఏ బాధా లేనప్పుడు ఒకసారి చూపించాలి. డాక్టరు అద్దం పెట్టి చూస్తారు. పళ్ళు లెక్కపెడతారు. అంతే. మొదటి పుట్టినరోజు లోపలే ఒకసారి పళ్ళు చూపించడం మంచిదని పిల్లల పళ్ళ డాక్టర్లు చెప్తారు. అట్లా పోయిన పిల్లకు ఆ గది కొత్త కాదు. తర్వాత ఎప్పుడైనా పన్ను పుచ్చినా భయం తక్కువ ఉంటుంది.

ఇంట్లో చెయ్యాల్సిన పని

ఒక తల్లి ఉందనుకుందాం. కూలి పనికి పోతుంది. ఏడేళ్ళ కూతురు. కింది దవడ పన్ను మీద నల్లటి గుంట. చల్లనీళ్ళు తాగితే జివ్వుమంటుంది. సోమవారం ఆసుపత్రికి పోవాలి. ఈ తల్లి చిన్నప్పుడు రోడ్డు పక్కన పన్ను పీకించుకుంది. ఇప్పటికీ పళ్ళ డాక్టరంటే ఆమెకు గుండె జారిపోతుంది. ఈమె ఏం చెయ్యాలి?

మొదట, తన భయం గురించి పిల్ల ముందు మాట్లాడకూడదు. భయం ఉండటం తప్పు కాదు. దాన్ని పిల్లకు అంటించకూడదు, అంతే. మరీ భయమైతే పిల్ల వెంట తండ్రిని పంపాలి. లేదా పిన్నిని, పెద్దమ్మను పంపాలి. ధైర్యంగా ఉండే మనిషి ఒక్కరు చాలు. ఇల్లంతా కదిలి పోతే పిల్ల ఇంకా బెదిరిపోతుంది.

తర్వాత ఒకటి రెండు రోజుల ముందు పిల్లకు చెప్పాలి. నెల ముందు చెప్తే నెలంతా దిగులు పడుతుంది. గుమ్మం దగ్గర చెప్తే మోసపోయాననుకుంటుంది. చెప్పేది రెండు మాటల్లో చెప్పాలి.

"తల్లీ, సోమవారం మనం పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి పోతున్నాం."

"ఎందుకమ్మా?"

"నీ పన్ను మీద గుంట పడింది చూడు. అందులో మురికి చేరింది. డాక్టరమ్మ దాన్ని కడిగి, సిమెంటు పెట్టి మూస్తుంది. గోడకు గుంట పడితే నాన్న పూడుస్తాడే, అట్లాగే."

"సూది వేస్తారా?"

"అవసరమైతే వేస్తారు. నేను పక్కనే ఉంటా."

ఇంతే. ఇక పొడిగించకూడదు. "ఏం భయపడకు, ఏం భయపడకు" అని పది సార్లు అంటే, భయపడాల్సింది ఏదో ఉందని పిల్ల అనుకుంటుంది.

ఆ తర్వాత ఆట ఆడించాలి. పిల్లను చాప మీద పడుకోబెట్టాలి. చెంచా తీసుకుని అద్దం అనాలి. నోరు తెరిపించి పళ్ళు లెక్కపెట్టాలి. ఒకటి, రెండు, మూడు. తర్వాత పిల్ల డాక్టరమ్మ అవుతుంది. అమ్మ నోరు తెరవాలి. అమ్మ పళ్ళు పిల్ల లెక్కపెడుతుంది. కొత్తగా చదువు నేర్చిన తల్లి, పలక మీద పిల్ల పళ్ళ లెక్క రాసి చూపిస్తే ఇంకా బాగుంటుంది. ఈ ఆట రెండు రోజులు ఆడితే చాలు. ఆసుపత్రిలో అద్దం చూడగానే పిల్లకు ఆట గుర్తుకొస్తుంది.

సోమవారం పొద్దున్నే పోవడం మంచిది. పొద్దున పిల్ల చురుగ్గా ఉంటుంది. సాయంత్రానికి అలసిపోయి చిరాకు పడుతుంది. ఏమీ తినొద్దని డాక్టరు చెప్పకపోతే కొంచెం టిఫిన్ పెట్టి తీసుకుపోవాలి. ఆకలి కడుపుతో ఉన్న పిల్లకు ఓర్పు ఉండదు.

అబద్ధం చెప్పొద్దు

"జాతరకు పోదాం" అని చెప్పి ఆసుపత్రికి తీసుకుపోకూడదు. "అసలు నొప్పే ఉండదు" అని ఒట్టేసి చెప్పకూడదు. చెప్పిన మాట అబద్ధమైతే పిల్ల ఆ తర్వాత ఏ మాటా నమ్మదు. డాక్టరు మాట అసలే నమ్మదు.

అట్లాగని ఉన్నదానికన్నా పెద్దది చేసి చెప్పకూడదు. "చీమ కుట్టినట్టు ఒక్క క్షణం ఉంటుంది. తర్వాత పెదవి మొద్దుబారుతుంది" అంటే చాలు. అది నిజం. నిజం చెప్పిన అమ్మను పిల్ల నమ్ముతుంది.

డాక్టరు గదిలో

పిల్లల భయం తెలిసిన డాక్టరు మూడు మెట్లలో పని చేస్తారు. చెప్పు, చూపించు, చెయ్యి. అమెరికాలో అడెల్‌స్టన్ అనే పళ్ళ డాక్టరు 1959లో ఈ పద్ధతిని రాసిపెట్టాడు. అప్పటి నుంచి ఎన్నో దేశాల్లో ఇదే పద్ధతి నేర్పుతున్నారు.

ముందు చెప్తారు. "ఇది నీళ్ళు చిమ్మే గొట్టం. పంటికి స్నానం పోస్తుంది." తర్వాత చూపిస్తారు. ఆ నీళ్ళు పిల్ల అరచేతి మీద పోస్తారు. మిషను బ్రష్షును గోటి మీద తిప్పుతారు. గిలిగింతలు పెట్టినట్టుంటే పిల్ల నవ్వుతుంది. అప్పుడు చేస్తారు. చెప్పింది చెప్పినట్టు చేస్తారు. ఒక్కో పనికీ ఈ మూడు మెట్లే.

ఇంకో మంచి పద్ధతి ఉంది. "నీకు ఇబ్బందిగా ఉంటే ఎడమ చెయ్యి ఎత్తు. నేను ఆపేస్తా" అని డాక్టరు చెప్తారు. పిల్ల చెయ్యి ఎత్తగానే నిజంగా ఆపాలి. అట్లా ఆపితే పిల్లకు ధైర్యం వస్తుంది. పని తన చేతిలో ఉందనుకుంటుంది. డాక్టరు ఈ మాట చెప్పకపోతే తల్లే అడగొచ్చు. "డాక్టరమ్మా, చెయ్యి ఎత్తితే కొంచెం ఆపుతారా?" అని అడగడం తప్పు కాదు. డాక్టరును అడగడానికి చదువుకున్న తల్లి వెనకాడక్కర్లేదు.

గదిలో తల్లి ఏం చెయ్యాలి? చిన్నపిల్లయితే ఒళ్ళో కూర్చోబెట్టుకోవచ్చు. పెద్దపిల్లయితే పాదం మీద చెయ్యి వేసి నిలబడాలి. మాట తక్కువ ఉండాలి. ఒకే సమయంలో డాక్టరు ఒకటి, అమ్మ ఒకటి చెప్తే పిల్ల ఎవరి మాట వినాలి? డాక్టరు మాట్లాడుతుంటే అమ్మ ఊరుకోవాలి. అమ్మ చెయ్యే ధైర్యం చెప్తుంది.

గట్టిగా గాలి పీల్చి, వేడి పాలు చల్లార్చినట్టు మెల్లగా ఊదమని పిల్లకు ముందే నేర్పాలి. అట్లా ఊదితే గుండె దడ తగ్గుతుంది. పది అంకెలు లెక్కపెట్టమనాలి. పది అయ్యేదాకా ఓర్చుకోవాలి, తర్వాత విశ్రాంతి అని తెలిస్తే పిల్ల ఓర్చుకుంటుంది. ఎప్పటికి అయిపోతుందో తెలియనప్పుడే భయం ఎక్కువ.

మత్తు సూది సంగతి

గుంట లోతుగా ఉంటే మత్తు సూది వెయ్యాలి. ఇప్పుడు పళ్ళ ఆసుపత్రుల్లో ఎక్కువగా వాడే మత్తుమందు లిగ్నోకైన్. 1943లో స్వీడన్ దేశంలో లాఫ్‌గ్రెన్ అనే శాస్త్రవేత్త దీన్ని తయారు చేశాడు. ఈ మందు నొప్పి కబురును నరం నుంచి మెదడుకు పోనివ్వదు. పిల్ల మెలకువగానే ఉంటుంది. నొప్పి మాత్రం తెలియదు.

సూది వెయ్యక ముందు చిగురు మీద మత్తు జెల్ రాస్తారు. ఒకటి రెండు నిమిషాలు ఆగి సూది వేస్తే గుచ్చినట్టు అంతగా తెలియదు. సూదిని పిల్ల కళ్ళ ముందు ఊపకూడదు. మెల్లగా మందు ఎక్కించాలి.

మత్తు ఎక్కాక కూడా పిల్ల నొప్పి అంటే నమ్మాలి. "నాటకాలాడకు" అనకూడదు. ఒక్కోసారి మత్తు పూర్తిగా ఎక్కదు. డాక్టరు ఇంకొంచెం ఆగుతారు. లేదా ఇంకొంచెం మందు ఇస్తారు. నొప్పి అని చెప్పినా వినకుండా పని చేస్తే ఆ పిల్ల మళ్ళీ ఆ కుర్చీ ఎక్కదు.

మిషను లేకుండా కూడా వైద్యం ఉంది

మిషను చప్పుడంటేనే బెదిరే పిల్లలకు వేరే దారులున్నాయి. ఈ సంగతి చాలామంది తల్లులకు తెలియదు.

1980ల్లో ఆఫ్రికాలోని టాంజానియాలో కరెంటు లేని ఊళ్ళ కోసం డాక్టర్లు ఒక పద్ధతి కనిపెట్టారు. మిషను లేకుండా, చిన్న చేతి పనిముట్లతో మెత్తబడిన పిప్పిని గీకి తీస్తారు. తర్వాత పంటికి అతుక్కునే సిమెంటు పెడతారు. చప్పుడు ఉండదు. చాలాసార్లు సూది కూడా అక్కర్లేదు. 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ పద్ధతిని దేశదేశాలకు చాటింది. పేద ఊళ్ళ కోసం పుట్టిన పద్ధతి, ఇప్పుడు భయపడే పిల్లలకు అన్నిచోట్లా పనికొస్తోంది.

ఇంకోటి వెండి మందు. దీన్ని చిన్న బ్రష్షుతో పిప్పి మీద రాస్తారు. సూది లేదు, మిషను లేదు. పుచ్చడం ఆగిపోయే అవకాశం బాగా ఉంటుంది. కాకపోతే పుచ్చిన చోటు నల్లగా మారుతుంది. ఆ నలుపు పోదు. ముందు పళ్ళకైతే తల్లి ఆలోచించుకోవాలి. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ మందును అవసరమైన మందుల జాబితాలో చేర్చింది.

మూడోది స్టీలు టోపీ. పాల దవడ పన్నును చెక్కకుండానే దాని మీద టోపీ తొడిగి అతికిస్తారు. లోపలి సూక్ష్మజీవులకు తిండి అందదు. పుచ్చడం ఆగుతుంది. స్కాట్లండ్‌లో హాల్ అనే డాక్టరమ్మ చేసిన పద్ధతి ఇది. పన్ను ఊడేటప్పుడు టోపీ కూడా దానితో పాటే ఊడిపోతుంది.

ఏ పిల్లకు ఏది సరిపోతుందో డాక్టరే చెప్పాలి. గుంట నరం దాకా పోతే, చీము పడితే, ఈ తేలిక దారులు చాలవు. కానీ "సూది లేకుండా చేసే వీలుందా?" అని అడగడం తల్లి హక్కు. మరీ చిన్నపిల్ల అయి, ఎన్నో పళ్ళు పుచ్చితే, పెద్దాసుపత్రిలో పూర్తి మత్తు ఇచ్చి ఒకేసారి చేస్తారు.

పిల్ల ఏడిస్తే

ఏడవనివ్వండి. ఏడుపు తప్పు కాదు. కొందరు పిల్లలు ఏడుస్తూనే నోరు తెరిచి ఉంచుతారు. అది కూడా ధైర్యమే.

"సిగ్గు లేదా? చిన్న తమ్ముడు కూడా నవ్వుతున్నాడు" అనకూడదు. "మగపిల్లాడివి, ఏడుస్తావా?" అనకూడదు. కొట్టకూడదు. "నిన్ను ఇక్కడే వదిలేసి పోతా" అని అసలే అనకూడదు.

ఆ రోజు పిల్ల ఎంతకీ ఒప్పుకోకపోతే, తొందర లేని పని అయితే, వాయిదా వెయ్యొచ్చు. కుర్చీలో కూర్చుని పళ్ళు చూపించింది కదా. అదే ఆ రోజు పని. "ఇవాళ కూర్చున్నావు. వచ్చేసారి సిమెంటు పెట్టించుకుందాం" అని చెప్పి రావాలి. ఒక రోజు కూలి పోయిందని తల్లికి బాధ ఉంటుంది. అది చిన్న బాధ కాదు. కానీ బలవంతం చేస్తే ఇంకెన్నో రోజుల కూలి పోతుంది.

వాయిదా వెయ్యకూడని సందర్భాలు కూడా ఉన్నాయి. ముఖం వాచినా, జ్వరం వచ్చినా, చిగురులో చీము కనిపించినా, నోరు తెరవలేకపోయినా అదే రోజు డాక్టరు దగ్గరికి పోవాలి. మింగడం, గాలి పీల్చడం కష్టమైతే వెంటనే పెద్దాసుపత్రికి పరుగెత్తాలి. ఇది ప్రాణం మీదికి రావచ్చు.

నొప్పికి పంటి గుంటలో పొగాకు, నశ్యం పెట్టకూడదు. మాత్ర నలిపి చిగురు మీద పెట్టకూడదు. చిగురు కాలుతుంది. లవంగ నూనె నేరుగా పోస్తే పిల్లల లేత చిగురు బొబ్బలెక్కుతుంది.

ఇంటికి వచ్చాక

మత్తు రెండు మూడు గంటలు ఉంటుంది. పెదవి మొద్దుగా ఉంటే పిల్లలు దాన్ని కొరుకుతారు. నొప్పి తెలియదు కాబట్టి పుండు పడేదాకా కొరుకుతారు. మత్తు దిగేదాకా తల్లి కనిపెట్టి ఉండాలి. అప్పటిదాకా నమిలే తిండి, వేడి పాలు ఇవ్వకూడదు.

తర్వాత మెచ్చుకోవాలి. ఉత్తినే "మంచిపిల్ల" అంటే చాలదు. "నువ్వు పది లెక్కపెట్టే దాకా నోరు తెరిచే ఉంచావు" అనాలి. తను ఏం చేసిందో పిల్లకు తెలియాలి. బహుమానంగా చాక్లెట్ కొనిపెట్టకూడదు. పుచ్చిన పంటికి వైద్యం చేయించి, చాక్లెట్ పెడితే ఏం లాభం? బుడగ కొనివ్వొచ్చు. రంగు పెన్సిలు, రిబ్బను కొనివ్వొచ్చు.

సాయంత్రం నాన్న రాగానే పిల్ల చేతే ఆ కథ చెప్పించాలి. తన నోటితో చెప్పుకుంటే పిల్లకు గర్వంగా ఉంటుంది. ఈ కథ ఆమె తమ్ముడు వింటాడు. పక్కింటి పిల్ల వింటుంది. భయం అంటుకున్నట్టే ధైర్యం కూడా అంటుకుంటుంది.

ఎక్కడికి పోవాలి?

ముందు అంగన్‌వాడీలో, బడిలో అడగండి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అని ఒకటి 2013లో మొదలైంది. పుట్టిన బిడ్డ నుంచి పద్ధెనిమిదేళ్ళ దాకా పిల్లలను పరీక్ష చెయ్యడం ఈ పథకం పని. డాక్టర్ల బృందం అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ బడికి ఏడాదికి ఒకసారి రావాలి. పుచ్చిన పళ్ళు చూడటం కూడా ఈ పథకంలో ఉంది. ఆ బృందం వచ్చినప్పుడు పిల్ల నోరు చూడమని తల్లి అడగాలి.

జిల్లా ఆసుపత్రిలో పళ్ళ విభాగం ఉంటుంది. హైదరాబాదు, విజయవాడ, కడపల్లో ప్రభుత్వ దంత వైద్య కళాశాలలు ఉన్నాయి. అక్కడ పిల్లల పళ్ళకు వేరే విభాగమే ఉంటుంది. పోయే ముందు ఏ రోజుల్లో చూస్తారో ఆశా అక్కను అడిగి తెలుసుకుంటే ఒక రోజు కూలి మిగులుతుంది.

అసలు పుచ్చకుండా

అన్నిటికన్నా మంచి వైద్యం పన్ను పుచ్చకుండా చూసుకోవడం. పాలసీసా నోట్లో పెట్టి పిల్లను నిద్రపుచ్చకూడదు. జీళ్ళు, చాక్లెట్లు, బిస్కట్లు రోజంతా చప్పరిస్తే పంటి మీద రోజంతా ఆమ్లం ఉంటుంది. పెట్టాలనుకుంటే అన్నంతో పాటు ఒక్కసారి పెట్టండి. రోజుకు రెండుసార్లు, మరీ ముఖ్యంగా రాత్రి పడుకునే ముందు పళ్ళు తోమించాలి. ఇటుక పొడి, బొగ్గు పొడి వద్దు. అవి పంటిని అరగదీస్తాయి.

పేస్టు గొట్టం మీద అక్షరాలు చదవండి. "ఫ్లోరైడ్" అని ఉందేమో చూడండి. అది ఇంగ్లీషులో ఉంటే బడికి పోయే పిల్ల చేత చదివించండి. ఫ్లోరైడ్ పంటి పొరను గట్టిపరుస్తుంది. మూడేళ్ళ లోపు పిల్లకు బియ్యపు గింజంత పేస్టు చాలు. మూడు నుంచి ఆరేళ్ళ పిల్లకు బఠాణీ గింజంత. మింగకుండా ఉమ్మించాలి. నల్లగొండ, ప్రకాశం జిల్లాల్లో కొన్ని ఊళ్ళ బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ మరీ ఎక్కువ. ఎక్కువైతే పళ్ళకు గోధుమ రంగు మచ్చలు వస్తాయి. ఎముకలు కూడా దెబ్బతింటాయి. అట్లాంటి నీళ్ళు తాగే ఊళ్ళ తల్లులు ఏ పేస్టు వాడాలో డాక్టరును అడగాలి. ఏడెనిమిదేళ్ళు వచ్చేదాకా పిల్ల తోముకున్న తర్వాత అమ్మ ఒకసారి చూడాలి.

ఇవాళ ఇంటికి పోయాక చెయ్యాల్సిన పని ఒకటుంది. పిల్లను వెలుతురులో కూర్చోబెట్టండి. పెదవి ఎత్తి చూడండి. వెనకాల దవడ పళ్ళు చూడండి. తెల్ల మచ్చ, నల్ల మచ్చ, గుంట ఉన్నాయేమో చూడండి. కనిపిస్తే నొప్పి వచ్చేదాకా ఆగకండి. కాగితం మీద పిల్ల పేరు, వయసు, ఏ వైపు పన్నో రాసుకోండి. ఆసుపత్రిలో ఆ కాగితం చూపించండి. తిరిగి రమ్మన్న తేదీ చీటీ మీద ఉంటుంది. దాన్ని ఎవరి చేతా చదివించుకోకుండా, మీరే చదువుకోండి.

ఇంకో మాట. ఈ రోజు నుంచి "సూది వేయిస్తా" అనే బెదిరింపు ఇంట్లో మానెయ్యండి. దానికి పైసా ఖర్చు లేదు.

సెలవు.